కౌంటర్ మీద మిగిలిన కొత్తిమీర

డాక్టర్ గారు సీసా తీసుకుని కొత్తిమీర కట్ట వదిలేసి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే నాకు భయం వేసింది.

అక్టోబర్‌లో ఒక గురువారం, మధ్యాహ్నం మూడు దాటి ఐదు నిమిషాలు. ఎప్పటిలాగే చిన్న సీసాని బ్రౌన్ పేపర్‌లో చుట్టి సంచి అడుగున పెట్టాను. పైన కరివేపాకు, కొత్తిమీర సర్ది ఆయన ముందుకు జరిపాను. ఆయన సంచిలో చెయ్యి పెట్టి, ఆకులన్నీ కౌంటర్ మీద పడేసి, సీసా బయటికి తీసి కోటు జేబులో వేసుకున్నారు. ఆరేళ్ళుగా దాన్ని ఎవరి కంటా పడకుండా సంచిలోనే ఇంటికి పట్టుకెళ్ళిన మనిషి! ఇంటిదాకా ఆగే ఉద్దేశం ఈసారి లేదన్నమాట.

"వస్తా తల్లీ. పిల్లలకి టైమ్ అవుతోంది," అన్నారు.

ఆ పిల్లలు నా పిల్లలు.

పార్టీ స్టోర్

ఈ నెలాఖరుతో నేను ఆ కౌంటర్ వదిలేస్తున్నాను. నాకు ముప్ఫై ఆరేళ్ళు. "రిటైర్ అవుతున్నాను" అంటే మా ఆయన కిరణ్ పగలబడి నవ్వాడు. నవ్వనీ. ఏడేళ్ళు నిలబడి చేసిన పని అది. మైక్రోబయాలజీ చదివినదాన్ని, ఇప్పటికి ఒక ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. సోమవారం నుంచి నా చోట హారిక అనే అమ్మాయి నిలబడుతుంది. ఆమెకి మెషీన్ వాడడం, షెల్ఫులు నింపడం రెండు రోజుల్లో నేర్పేశాను. నేర్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. పిల్లలు పడుకున్నారు. స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూసొచ్చాను. ఈ అలవాటు ఆ అక్టోబర్ నుంచే.

మిషిగన్‌లో ఇలాంటి కొట్టుని పార్టీ స్టోర్ అంటారు. పేరు చూసి బెలూన్లు అమ్ముతారనుకుని మొదటి ఏడాది నేను లోపలికే వెళ్ళలేదు. పాలు, బ్రెడ్, గుడ్లు, చిప్స్, లాటరీ టికెట్లు, మంచు తోసే పారలు, కౌంటర్ వెనక గోడంతా మందు సీసాలు. ఖాళీ డబ్బాలు తిరిగి ఇచ్చి చిల్లర తీసుకునే వాళ్ళు పెద్ద పెద్ద ప్లాస్టిక్ సంచులతో వస్తుంటారు. నోవైలో మా అపార్ట్‌మెంట్‌కి రెండు వీధుల అవతల ఉంటుందా కొట్టు. యజమాని సామ్ కల్దియన్, అంటే ఇరాక్ క్రైస్తవుడు. వాళ్ళ నాన్న ఇరాక్ నుంచి వచ్చి పెట్టిన కొట్టది. చుట్టుపక్కల మనవాళ్ళు పెరిగేసరికి నేనే అడిగి వెనకవైపు ఒక ఫ్రిజ్‌లో రెండు అరలు తీసుకున్నాను. గురువారం గురువారం కరివేపాకు, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు వచ్చేవి. అది నా గొప్పగా చెప్పుకునేదాన్ని.

కొత్తిమీర కింద

మనవాళ్ళు సీసా కొనడానికి వచ్చినప్పుడు ముందు కొట్టంతా ఒకసారి తిరుగుతారు. తెలిసినవాళ్ళు ఎవరూ లేరని నమ్మకం కుదిరాక కౌంటర్ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "అమ్మా, అదొకటి... కాస్త కొత్తిమీర కూడా వెయ్యి," అంటారు. ఒకసారి ఒకాయన సీసా పట్టుకుని ఉండగా తలుపు తీసుకుని వాళ్ళ గుడి కమిటీ ఆవిడ వచ్చింది. ఆయన ముఖం చూడలేక నేనే సీసా లాక్కుని సంచిలో వేసి పైన మూడు కట్టల ఆకుకూర పెట్టాను. ఆయన కళ్ళతోనే దండం పెట్టారు. ఆ సంగతి ఎలా పాకిందో తెలియదు కానీ నెల తిరిగేసరికి అందరికీ అలాగే కట్టడం మొదలుపెట్టాను. అడుగున సీసా, పైన కొత్తిమీర.

"మీ వాళ్ళు కొత్తిమీర తినే బతుకుతారా లావణ్యా? మేకలు కూడా ఇంత తినవు," అనేవాడు సామ్.

"నీకు అమ్మకం అవుతోంది కదా, నోరు మూసుకో," అనేదాన్ని.

అది మర్యాద అనుకున్నాను. ఒకరి పరువు కాపాడుతున్నాననుకున్నాను. కొంతమంది విషయంలో ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను. శుక్రవారం సాయంత్రం ఒక సీసా కొనుక్కునే మనిషి ఊరందరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. నా తప్పు దాచడంలో లేదు, దాస్తూ దాస్తూ మనిషిని చూడడం మానేయడంలో ఉంది.

డాక్టర్ గారు ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టర్. పందొమ్మిది వందల డెబ్బైల్లో ఈ దేశం వచ్చి ఇక్కడే రిటైర్ అయ్యారు. మొదట్లో వారానికో సీసా. తర్వాత సోమ, గురువారాలు. తర్వాత చిన్న సీసాలు, దాదాపు రోజూ. ప్రతిసారీ కొత్తిమీర. వాళ్ళావిడ సరోజిని ఆంటీ వారం వారం మాకు సీసాడు కొత్తిమీర పచ్చడి పంపేది. మా పిల్లలు బ్రెడ్ మీద రాసుకుని తినేవాళ్ళు. "ఆంటీకి ఎంత ఓపిక!" అనేదాన్ని. ఆ పచ్చడికి ఆకు ఎక్కడి నుంచి వెళుతోందో నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రెండూ ఒకచోట పెట్టి ఒక్కసారీ ఆలోచించలేదు.

సామ్ నేర్పిన పని

ఈ పనికి ఒక ట్రైనింగ్ వీడియో ఉంటుంది. తాగి ఉన్నవాడు తూలుతాడు, అరుస్తాడు అని అందులో చూపిస్తారు. అలాంటివాణ్ణి చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. అసలు పని సామ్ నేర్పాడు. "ముఖం చూడకు. ముఖాన్ని ఎవరైనా సర్దుకుంటారు. చేతులు చూడు. కార్డు తీసేటప్పుడు వేళ్ళు ఏం చేస్తున్నాయో చూడు," అన్నాడు.

చేరిన కొత్తలో ఒక కుర్రాడు బీరు డబ్బా తెచ్చి, "ఆంటీ, నేనే, రవి వాళ్ళ తమ్ముణ్ణి. ఉగాది ఫంక్షన్‌లో మీ పక్కనే కూర్చున్నాం కదా," అన్నాడు. పరిచయస్తుణ్ణి ఐడీ అడిగితే ఏం బాగుంటుంది? నవ్వుతూ మెషీన్ మీద చెయ్యి వేశాను. వెనక నుంచి సామ్ వచ్చి డబ్బా తీసేసుకున్నాడు. కుర్రాడు మళ్ళీ రవి పేరు ఎత్తాడు. "ఎవరి తమ్ముడివని నేనడగలేదు. ఎప్పుడు పుట్టావని అడిగాను," అన్నాడు సామ్. ఇక్కడ ఇరవై ఒకటి నిండితేనే అమ్మాలి, ఆ అబ్బాయికి ఇంకా ఇరవై కూడా నిండలేదు.

ఆ రోజంతా నా చెవులు మండాయి. అప్పటి నుంచి అరవై ఏళ్ళ ఆవిడనైనా ఐడీ అడిగాను. ఒకావిడ మురిసిపోయి, వాళ్ళాయనకి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ పాఠం బాగానే వంటబట్టిందనుకున్నాను. కానీ నేను వయసు దగ్గరే నేర్చుకున్నాను. చేతుల దగ్గర నేర్చుకోలేదు. ముఖ్యంగా డాక్టర్ గారి చేతుల దగ్గర.

దానికి కారణం ఉంది. మా అబ్బాయి విహాన్‌కి రెండేళ్ళప్పుడు, చూసుకునే ఆవిడ రాకపోతే కొట్టుకి తెచ్చుకున్నాను. మధ్యాహ్నం జ్వరం వచ్చి, ఫిట్స్‌తో ఒళ్ళంతా బిగుసుకుపోయింది. నేను అరవడం తప్ప ఏమీ చేయలేదు. లైన్‌లో ఉన్న డాక్టర్ గారు వచ్చి పిల్లవాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుని, నేల మీద ఒక పక్కకి పడుకోబెట్టి, కోటు తల కింద పెట్టి, వాచీ చూస్తూ కూర్చున్నారు. "అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి. భయపడకు తల్లీ, తగ్గుతోంది. చూడు, వేళ్ళు వదులవుతున్నాయి," అన్నారు. ఆ రోజు ఆయన చేతులు రాయిలా ఉన్నాయి. అవే చేతులు నా కళ్ళలో ఉండిపోయాయి. ఆ తర్వాత ఆయన ఎప్పుడు వచ్చినా నేను ఆ చేతులనే చూశాను, ఎదురుగా ఉన్నవాటిని కాదు.

మా అపార్ట్‌మెంట్‌కి స్కూల్ బస్ రాదు. మంగళ, గురువారాలు నేను అయిదున్నరదాకా కౌంటర్‌లో ఉండాలి. కిరణ్ ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆరు. "ఖాళీగా ఉన్నాను, నేను తీసుకొస్తా," అన్నారు డాక్టర్ గారు. స్కూల్ పికప్ లిస్టులో మా ఇద్దరి తర్వాత మొదటి పేరు ఆయనదే. ఆయన కారు వెనక సీట్లో మా పిల్లల బూస్టర్ సీట్లు రెండూ శాశ్వతంగా ఉండేవి.

ముప్ఫై అయిదు నిమిషాలు

స్కూల్ వదిలేది మూడు నలభైకి. కౌంటర్ మీద కొత్తిమీర. కోటు జేబులో సీసా.

నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు రాస్తాను. కొత్తిమీర పట్టుకుని బయటికి పరిగెత్తాను. "డాక్టర్ గారూ, కొత్తిమీర మర్చిపోయారు!" అని అరిచాను. ఆ సమయంలో నా నోటికి వచ్చిన మాట అది.

ఆయన అద్దం దించారు. లోపల నుంచి ఏలకుల వాసన, దాని కింద ఇంకో వాసన. తాళం చెవి రెండుసార్లు పక్కకి జారి మూడోసారి సరిగ్గా పడింది. అప్పుడు చూశాను చేతులు. వెనక రెండు సీట్లు, విహాన్ సీటు మీద ఒక చిన్న గ్లవ్ కూడా చూశాను.

"ఉంచు తల్లీ, రేపు తీసుకుంటా."

"ఈ రోజు పిల్లల్ని నేను తెచ్చుకుంటానండీ" అన్న మాట నా నోట్లో పూర్తిగా తయారై ఉంది. దాన్ని మింగాను. నా తండ్రి వయసువాడు, నా బిడ్డని నేల మీద కూర్చుని కాపాడినవాడు, ఆయనతో ఆ మాట ఎలా అనను?

"జాగ్రత్తండీ," అన్నాను.

కారు వెళ్ళిపోయింది. లోపలికి వచ్చి తలుపు తాళం వేశాను. వెనక డబ్బాలు లెక్కపెట్టుకుంటున్న ముసలాయన ఒకాయన ఉన్నాడని గుర్తే లేదు. "నన్ను కిడ్నాప్ చేస్తున్నావా అమ్మాయ్? నాకు డబ్బిచ్చేవాళ్ళెవరూ లేరు," అన్నాడు. నేను అప్పటికే స్కూల్‌కి ఫోన్ కలుపుతున్నాను.

స్కూల్ ఆఫీసు ఆవిడ నెమ్మదైన మనిషి. "ఆయన పేరు లిస్టులో ఉంది కదా. మార్పులుంటే రెండున్నరలోపు చెప్పాలి. కారణం ఏమిటో చెప్పగలరా?"

అంతకుముందు ఆ మాట నేను తెలుగులో అనలేదు. నాలో నేను కూడా అనుకోలేదు. ముక్కూమొహం తెలియని ఆవిడకి, ఇంగ్లిష్‌లో, మొదటిసారి అన్నాను. ఆయన తాగి ఉన్నారు. నేనే అమ్మాను. ఇప్పుడే బయలుదేరారు.

"సరే. మీ పిల్లలు నా దగ్గరే కూర్చుంటారు. మీరు నెమ్మదిగా రండి," అందావిడ. సామ్‌కి ఫోన్ చేసి కొట్టు మూస్తున్నానని చెప్పాను. ఎందుకని అడగలేదు. నా గొంతు విని ఉంటాడు. ముసలాయన తన డబ్బాల సంచి తనే మోసుకుని బయటికి వచ్చి, నా చేతిలో తాళం లాక్కుని బయటి నుంచి వేసి ఇచ్చాడు. అప్పటికి రెండుసార్లు వేసినా నాకు పడలేదు.

దారిలో ప్రతి క్రాసింగ్ దగ్గరా ఆయన కారు కోసం వెతికాను. రోడ్డు పక్కన, కాలువలో, చెట్ల మధ్య. ఎక్కడా లేకపోయేసరికి ఊపిరి వచ్చింది. వెంటనే స్కూల్ ముందు నడిచే పిల్లలు గుర్తొచ్చారు. నా ఇద్దరి కోసమే ఫోన్ చేశాను. మిగతావాళ్ళ మాట నాకు తట్టనే లేదు.

స్కూల్ ముందు కార్ల వరసలో ఆయనది మూడోది. సరిగ్గా గీతల మధ్య ఆగి ఉంది. ప్రిన్సిపాల్, స్కూల్ పోలీస్ ఆఫీసర్ కిటికీ దగ్గర నిలబడ్డారు. తాళాలు ఆఫీసర్ చేతిలో ఉన్నాయి. మిగతా కార్లలోని తల్లులు చూస్తున్నారు. అందులో మనవాళ్ళు కూడా. ఏ చూపుల కోసం ఆయన ఆరేళ్ళు కొత్తిమీర కొన్నారో, అవే చూపులు.

ఆయన నన్ను చూసి తెలుగులో, చాలా మామూలుగా అన్నారు: "లావణ్యా, కొట్లో నాతో ఒక్క మాట అంటే సరిపోయేది కదమ్మా. తాళాలు నీ చేతికే ఇచ్చేవాణ్ణి."

ఇచ్చేవారా? నాకు తెలియదు. ఇవ్వనని నమ్మితే నాకు నిద్ర కాస్త సులువుగా పట్టేది. కానీ ఇచ్చేవారేమో. నేను అడగలేదు కాబట్టి ఎప్పటికీ తెలియదు. తర్వాత లైసెన్స్ విషయం, కోర్టు విషయం ఆ కుటుంబానివి. అవి నేను రాయను.

టేపు, పచ్చడి

శనివారం సామ్ నన్ను వెనక గదిలో కూర్చోబెట్టి కెమెరా టేపు చూపించాడు. తాగి ఉన్న మనిషికి అమ్మితే కొట్టు లైసెన్స్‌కే ముప్పు. కోపంగా లేడు, అందుకే ఇంకా భయం వేసింది.

టేపులో డాక్టర్ గారు కౌంటర్ అంచు పట్టుకుని నిలబడ్డారు. కార్డు రెండుసార్లు కింద పడింది. ఆయనే వంగి తీసుకున్నారు, రెండోసారి చాలాసేపు పట్టింది. ఎదురుగా నేను. తల ఎత్తనే లేదు. కొత్తిమీరలో పండిన ఆకులు ఏరుతున్నాను. ఒక్కొక్కటే ఏరి పక్కన పెడుతున్నాను.

"నువ్వు చూడలేదు," అన్నాడు సామ్.

"చూడలేదు."

"చూడలేదా, చూడకూడదనుకున్నావా?"

అతను టేపు ఆపి, "ఇక నుంచి ఆకుకూర వేరే సంచి," అన్నాడు. అంతే. ఉద్యోగం తీసేయలేదు. హారికా, ఆ రూలు ఎందుకొచ్చిందో నీకిప్పుడు తెలిసింది. ఎవరైనా "కాస్త పైన వెయ్యమ్మా" అంటే వేరే సంచి ఇవ్వు. మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ. కార్డు ఇచ్చేటప్పుడు చేతులు చూడు. చేతులు బాగోలేకపోతే "ఈ రోజు అమ్మలేనండీ" అను. ఆ వాక్యం అద్దం ముందు నిలబడి, తెలుగులో, పదిసార్లు అనుకో. ఇంగ్లిష్‌లో అనడం ఎవరికైనా వస్తుంది. తెలుగులో, పెద్దవాళ్ళతో అనడమే కష్టం. నేను ఆ తర్వాత నలుగురితో అన్నాను. ఇద్దరు మళ్ళీ కొట్టుకి రాలేదు. ఒకాయన నాకు సంస్కారం లేదని మా ఆయనకి ఫోన్ చేసి చెప్పారు. "కనుక్కుని చెప్తానండీ," అని పెట్టేశాడట కిరణ్.

పది రోజులకి సరోజిని ఆంటీ వచ్చింది. కొట్లో ఎవరూ లేరు. సంచిలోంచి నాలుగు కొత్తిమీర కట్టలు తీసి కౌంటర్ మీద పెట్టింది. అన్నీ నల్లబడిపోయాయి.

"ఫ్రిజ్ వెనక దొరికాయి. ఇంత కొత్తిమీర ఎందుకండీ అంటే, పాపం ఆ అమ్మాయి దగ్గర అమ్ముడుపోవడం లేదు, సాయం చేస్తున్నా అనేవారు," అంది. "నేను నమ్మి పచ్చడి చేస్తూనే ఉన్నానమ్మా. నీకూ పంపాను. నువ్వు ఒక్కసారైనా, ఆంటీ, ఇంత ఆకు ఎక్కడిదని అడగొచ్చు కదా."

"తప్పయిపోయింది ఆంటీ."

"తప్పని నీకూ తెలుసు, నాకూ తెలుసు. నాకూ అడగబుద్ధి కాలేదులే." చీర కొంగుతో కౌంటర్ తుడిచింది, తన ఇంట్లో వంటగట్టులా. "పిల్లలు బాగున్నారా?"

బాగున్నారన్నాను. ఆ మాట నిజమే.

శుక్రవారం పొద్దున

ఇక వెనక్కి, ఆ మర్నాటి పొద్దుటికి వెళ్ళాలి. అది రాయలేకే ఇంతసేపూ తిరిగాను.

గురువారం సాయంత్రం పిల్లలకి ఏమీ చెప్పలేదు. తాతకి ఒంట్లో బాగోలేదన్నాను. పిల్లలు ఆయన్ని తాత అనే పిలుస్తారు. మర్నాడు పొద్దున పాలల్లో సీరియల్ వేసుకుని తింటూ మా పెద్దది ఆద్య అడిగింది. అప్పటికి దానికి ఎనిమిదేళ్ళు.

"అమ్మా, ఇఫ్ ఐ యామ్ నాట్ దేర్, తాతకి ఎవరు చెప్తారు?"

"ఏం చెప్పాలి?"

"రెడ్ అండ్ గ్రీన్." చెంచా పాలల్లో తిప్పుతోంది. "తాత మర్చిపోతాడు కదా. సో నేను చెప్తా. రెడ్ వస్తే రెడ్ తాతా, స్టాప్ సైన్ వస్తే స్టాప్ తాతా అని. ఐ యామ్ హిజ్ కో-పైలట్. విహాన్ స్లీప్ చేస్తాడు, నేను చెయ్యను. నేను స్లీప్ చేస్తే ఎవరు చూస్తారు?"

"ఎప్పటి నుంచి చెప్తున్నావు?"

"సెకండ్ గ్రేడ్ నుంచి." అప్పుడది మూడో తరగతి.

"నాకెందుకు చెప్పలేదు తల్లీ?"

ఆద్య నన్ను వింతగా చూసింది. "నువ్వే కదా చెప్పావు, పెద్దవాళ్ళకి హెల్ప్ చెయ్యాలని?"

నేను కౌంటర్‌లో తల వంచుకుని పండుటాకులు ఏరుతున్న రోజుల్లో, నా ఎనిమిదేళ్ళ కూతురు వెనక సీట్లో నిద్ర ఆపుకుని రోడ్డు చూస్తోంది. నేను చేయవలసిన పని అది చేస్తోంది. నాకంటే బాగా చేస్తోంది.

కుర్చీ లాక్కుని ఇద్దరి ముందూ కూర్చున్నాను. విహాన్ కూడా చెంచా ఆపాడు. తాత చెడ్డవాడు కాదని చెప్పాను. తాత తాగేది నేనే అమ్మేదాన్నని, కొత్తిమీర కింద పెట్టి ఇచ్చేదాన్నని చెప్పాను. ఇకమీదట ఎవరి కారు ఎక్కినా, నడిపేది తాతైనా, నాన్నైనా, నేనైనా, భయం వేస్తే దిగిపొమ్మని, ఎవరూ తిట్టరని చెప్పాను. ఆ తర్వాత ఆద్య చేతులు రెండూ పట్టుకున్నాను. చిన్న చేతులు, పాలు అంటుకుని జిగురుగా ఉన్నాయి.

"రెడ్ లైట్ చూడడం నీ పని కాదమ్మా," అన్నాను. "అది నా పని. నేను చూడలేదు. ఇక నుంచి నేను చూస్తాను, కార్లో నువ్వు నిద్రపో."